సుందర్ రాజ్ మూడో పెట్టె

వన్ టౌన్‌లో పోర్టు గోడకి దగ్గరగా ఒక సందు ఉండేది. పొద్దున్న ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి కావిరంగు తిరిగిపోయేది అక్కడ. ఓడల్లోకి ఎత్తే ఇనుపరాయి దుమ్ము అది. గాలి ఎటు మళ్ళితే అటు ఎగిరొచ్చి కిటికీ చువ్వల మీదా, గిన్నెల మూతల మీదా, మనుషుల కనుబొమల మీదా కూర్చునేది. ఆ సందులో పుట్టినవాళ్ళకి అది దుమ్మని కూడా తోచదు.

సందు మధ్యలో ఒక పాత మేడ. కింద ఒకటే గది, పైన రెండు. పైకి వెళ్ళడానికి బయటినుంచి చెక్కమెట్లు. పైన జయశీలా, ఆమె తమ్ముడు కృపాకరూ ఉండేవారు. కింది గది జయశీల భర్త సుందర్ రాజ్‌ది. రేడియోలు బాగుచేసే గది. సుందర్ రాజ్ ఆ ఏడు వానల్లో చచ్చిపోయాడు. ఇప్పుడు చెప్పేది ఆ తర్వాత వచ్చిన నవంబరు సంగతి, ఎనభైనాలుగులో.

కృపాకర్ కూర్మన్నపాలెంలో, అప్పుడే లేస్తున్న స్టీలు ప్లాంటులో ఎలక్ట్రీషియను. పెళ్ళిళ్ళకీ, పండగలకీ గవర్రాజు ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. ఉత్త మొండివాడు. చిన్నప్పుడు చేదుమందు తాగమంటే ఏడవకుండా తాగి, గ్లాసు బోర్లించి మరీ చూపించిన రకం.

అతనికి గిటారు పిచ్చి అంటించింది సుందర్ రాజే. ఎప్పుడో డెబ్భైల్లో ఒక పరదేశం ఓడ హార్బర్లో ఆగితే, అందులో పనిచేసే సెయిలరు ఒకడు పాడైపోయిన తన గిటారు యాంప్లిఫయరుని రిక్షాలో వేసుకుని ఈ సందులోకి వచ్చాడు. పాత రేడియోల్లో బల్బుల్లా వెలిగే గాజు వాల్వుల పెట్టె. సుందర్ రాజ్ దాన్ని బాగుచేశాడు. చేసి, ఓడ కదిలేలోగా దాని లోపలి భాగమంతా కళ్ళతో మింగేశాడు. ఆ తర్వాత ఓడల్లోంచి తీసిపారేసిన వైర్‌లెస్ సెట్ల వాల్వులు పూర్ణా మార్కెట్ పాతసామాన్ల కొట్లలో ఏరుకొచ్చి, ట్రాన్స్‌ఫార్మర్లు తనే చుట్టుకుని, తన పెట్టెలు తను చేసుకున్నాడు. మొత్తం మూడు.

బయటికి మూడూ ఒక్కలాగే ఉండేవి. నల్లటి రెక్సిను, ముందర నాలుగు నాబులు, ఎర్రదీపం. తేడా అంతా లోపల.

మొదటి పెట్టెలో చిన్నవాల్వులు రెండే. తీగని మెల్లగా మీటితే మెల్లగా పలికేది. గట్టిగా కొడితే జలుబు చేసిన మనిషిలా కాస్త బొంగురుపోయేది. అది చర్చికి పోయింది. రెండో పెట్టెలో ఇంకో వాల్వు చేర్చాడు. ఒక వాల్వు ఇచ్చిన చప్పుడుని రెండోది అందుకుని పెంచుతుంది, రెండోది పెంచినదాన్ని మూడోది అందుకుని ఇంకా పెంచుతుంది. దాంతో తీగని ఒకసారి మీటి వదిలేస్తే చాలు, పెట్టె దాని ఏడుపు అది ఏడుస్తూనే ఉండేది. ఊళ్ళో అలాంటి గిటారు మోత ఎవరూ వినలేదు. గవర్రాజు ఆర్కెస్ట్రాకి పేరొచ్చింది ఆ పెట్టెతోనే.

సుందర్ రాజ్‌కి అది చాల్లేదు. మూడో పెట్టెలో నాలుగో వాల్వు పెట్టాడు.

"జనం దీన్ని గొంతు అనుకుంటారు గాని, ఇది గొంతు కాదురా కృపా, సెవి" అన్నాడు ఓ సాయంత్రం. "ఎంత పెంచితే అంత సన్న సప్పుడు పట్టుకుంటాది. ఇంత పెద్ద సెవి ఏ పెట్టెకీ నేదు."

నిజమే. మూడో పెట్టె గిటారు తగిలించకపోయినా సముద్రంలా హోరుపెట్టేది. పైన గోటితో తడితే స్పీకర్లో ఎవరో తలుపు తట్టినట్టు ఉండేది. గదిలో దగ్గితే దగ్గు వినపడేది. వాల్వులోపలి సన్నతీగెలు కాస్త వదులుగా ఉంటే అంతే, ఆ వాల్వు మైకైపోతుంది. కదలకుండా ఉండాలని నాలుగో వాల్వుకి సుందర్ రాజ్ రేకు తొడుగు వేసి టంకంతో అతికేశాడు. అయినా దాని చెవి మూతపడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాల్వుల పెట్టెలో మనిషిని పడేసేటంత కరెంటు ఉంటుంది. స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో కాసేపు దాక్కునే ఉంటుంది. అందుకని ఆ పని తెలిసినవాళ్ళు పెట్టెలో ఒక్క చెయ్యే పెడతారు. రెండో చెయ్యి జేబులో ఉంచుకుంటారు. ఒక చెయ్యి తగిలితే జాడించుకుని తిట్టుకుంటాం. రెండు చేతులూ తగిలితే, ఈ చేతినుంచి ఆ చేతికి గుండె మీదుగా పోతుంది కరెంటు. సుందర్ రాజ్ ఈ విషయంలో కసాయివాడు. లుంగీతో వస్తే, జేబు లేదని చెప్పి కృపాకర్ని బెంచీ దగ్గరికే రానిచ్చేవాడు కాదు. ఎడం చెయ్యి జేబులోంచి బయటికొస్తే చాలు, స్క్రూడ్రైవరు పిడితో మణికట్టు మీద ఒకటి పడేది.

"నొప్పెట్టిందేటి? పెట్టాలి. గుర్తుంటాది."

అలాంటివాడు వానల్లో ఒక మధ్యాహ్నం ఆ మూడో పెట్టె మీద బోర్లా పడి చచ్చిపోయి ఉన్నాడు. చూసింది కృపాకరే. రెండు చేతులూ పెట్టెలో ఉన్నాయి. ప్యాంటు ఎడమజేబు లోపలిగుడ్డ బయటికి వచ్చేసి, నాలుకలా వేలాడుతోంది. చేతిని ఎవరో జేబులోంచి లాగినట్టు.

ఈ మాట కృపాకర్ అక్కకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

*

నవంబరులో ఒక సాయంత్రం కృపాకర్ కూర్మన్నపాలెం బస్సు దిగి ఇంటికొస్తే, ఎదురింటి చిలకమ్మ అరుగు మీద కూర్చుని చేపలు తోముతూ పిలిచింది.

"ఒరే కృపా, మీ అప్ప జయ రోజూ సందేళ కిందగదిలో ఎవులితో మాటాడతాదిరా?"

"ఎవులితోనూ మాటాడదు పిన్నీ. తాళం ఏసుంది."

"మాకు సెవుల్నేవేటి? సూసుకో. పిల్ల పుల్లయిపోతంది."

పైకెళ్ళి చూశాడు. పొద్దున్న వండిన అన్నం మూత తీయకుండా అలాగే ఉంది. నిన్నటిది కూడా ఉంది, పక్క గిన్నెలో, నీళ్ళు పోసి. జయశీల లేదు.

కిందికి దిగాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తలుపు సందుల్లోంచి ఎర్రటి వెలుగు. వేడెక్కిన దుమ్ము వాసన... దానితో పాటు టంకం కాలిన వాసన. తలుపు తోశాడు. సోల్డరింగ్ ఐరను మేకుకి వేలాడుతోంది. ముట్టుకున్నాడు. చల్లగా ఉంది.

జయశీల పెట్టె ముందు నేల మీద కూర్చుని ఉంది. స్పీకర్లో హోరు. ఆ హోరు అడుగున, నీళ్ళ కిందనుంచి వచ్చినట్టు ఒక మాట.

"జయా..."

కృపాకర్ గబగబా వెళ్ళి స్విచ్చి ఆపేశాడు.

"ఇదేటప్పా! హార్బరు వైర్‌లెస్సు దీన్లో పడతాది. పక్కింటి మాటలు పడతాయి. నువ్వు దీన్ని మనిషనుకుంటన్నావా?"

"మీ బావ గొంతు నాకు తెల్దేటిరా?"

గొంతు బావదే. అది అతనికీ తెలిసింది.

"గవర్రాజు పెట్టె కావాలంటే, పలుకుతాదో నేదో అని ఏసాను" అంది జయశీల మెల్లగా. "నా పేరు పెట్టి పిలిసాడు. కూడు తినడానికి లేత్తే, నేనెళ్ళిపోనా అంటాడు. బతికున్నప్పుడు అంత నెమ్మదిగా ఎప్పుడు మాటాడాడు చెప్పు? అరుపులే గదా!" నవ్వింది. ఆ నవ్వులో పళ్ళు తప్ప ఏమీ లేవు. చెంపలు లోపలికి పోయాయి.

కృపాకర్ ఆమె కుడిచేతి వేళ్ళు చూశాడు. కొసలన్నీ తెల్లగా, చిన్నచిన్న గుండ్రాలుగా కాలి ఉన్నాయి.

"ఇదేటి?"

"సెయ్యి ఇమ్మంటన్నాడు. ఎనకరేకు సందులోంచి ఇచ్చాను. జిల్లుమంటాది, అంతే." ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఒక్క సెయ్యయితే అందటం నేదంట. రెండోది కూడా పెట్టమన్నాడు. అప్పుడు దగ్గరకొచ్చేత్తాడంట."

కృపాకర్ గోడకి ఆనుకున్నాడు. వేలాడుతున్న జేబుగుడ్డ కళ్ళ ముందు కదిలింది.

రెండో చెయ్యి పెట్టమన్నాడట. ఎవరు? సుందర్ రాజా? మణికట్లు వాచేలా కొట్టినవాడా? సొంత పెళ్ళాన్నా?

"రేపు పెడతానన్నాను" అంది జయశీల.

*

మర్నాడు అతను పనికి పోలేదు. సంగతి విని గవర్రాజు పరుగెత్తుకొచ్చాడు. నల్లగా, లావుగా ఉండే మనిషి. మైకు ముందు సింహం. ఇప్పుడు మాత్రం గడప అవతలే నిలబడిపోయాడు.

"కృపా, నా మాటిని దాన్ని పట్టుకెళ్ళి ఫిషింగ్ హార్బర్లో పారేసేద్దారి. పడవ నాను మాటాడతాను."

"ఎందుకు పారెయ్యాల?"

"ఎందుకేటి! దెయ్యం పట్టిన పెట్టె!"

"పెట్టె మా బావ సేతి పని. వాల్వులు ఏరుకొచ్చింది ఆయన, తీగ సుట్టింది ఆయన. మజ్జిన వొచ్చినోడెవుడో అందులో దూరి మాటాడితే, పెట్టె నేనెందుకు పారెయ్యాలి? దూరినోణ్ణే పొమ్మంటాను."

"పోకపోతే?"

"పోయేదాకా అంటాను."

గవర్రాజు తల పట్టుకున్నాడు. "నీతోటి వాదించేకంటే ఆ దెయ్యంతో మాటాడ్డం నయం" అంటూ వెళ్ళిపోయాడు.

కృపాకర్ ఆలోచన సూటిగా ఉంది. మొదటి పెట్టె మాట్లాడలేదు. రెండోది ఇన్నేళ్ళుగా మాట్లాడలేదు. మాట్లాడింది మూడోదే. దానికీ దీనికీ తేడా నాలుగో వాల్వు. ఆ వాల్వుని దాటించి, మూడోదాని తీగని తిన్నగా ముందుకి కలిపేస్తే, మూడో పెట్టె రెండో పెట్టె అయిపోతుంది. చెవి తగ్గిపోతుంది. పిలుపు వినపడదు. అక్క అన్నం తింటుంది.

సాయంత్రం వాన మొదలైంది. సందులో నీళ్ళు ఎర్రగా పారాయి. కృపాకర్ జేబులున్న ప్యాంటు తొడుక్కుని కిందికి దిగాడు. జయశీల వెనకే వచ్చింది.

"పైనుండప్పా."

"ఉండను. నువ్వు ఆయన్ని సంపేత్తావు."

"ఆయన్ని కాదు. అయితే కూకో ఆ స్టూలు మీద. రెండు సేతులూ వొళ్ళో పెట్టుకో. సూడు, నీకే తెలుత్తాది."

పెట్టె వెనకరేకు విప్పాడు. ఎడం చెయ్యి జేబులో పెట్టి, స్విచ్చి వేశాడు. వాల్వులు మెల్లగా నారింజరంగు తిరిగాయి. హోరు లేచింది. చెక్క పెన్సిలు తీసుకుని ఒక్కో వాల్వునీ తట్టాడు. మొదటిది టిక్కుమంది. రెండోదీ అంతే. మూడోది కాస్త గట్టిగా. నాలుగోదాని రేకుతొడుగు మీద పెన్సిలు ఇంకా ఆనిందో లేదో, స్పీకరు గంటలా మోగింది. ఆ మోత ఆగడానికి చాలాసేపు పట్టింది.

"విన్నావా? ఇది మైకు. గదిలో ఏటుంటే అది వినిపిత్తాది. నువ్వు లేచి ఆ మూలదాకా నడు."

జయశీల నడిచింది. స్పీకర్లో ఆమె అడుగులు. దూరం పోయినకొద్దీ సన్నబడ్డాయి. మూల దగ్గర ఆగింది. అడుగులూ ఆగాయి.

"రా."

వచ్చింది. అడుగులు పెద్దవయ్యాయి. స్టూలు కిర్రుమంది. కూర్చుంది.

"సూసావా? ఇందులో ఎవులూ నేరు. మన సప్పుడే మనకి..."

కృపాకర్ స్పీకరు వైపు తల తిప్పాడు.

స్పీకర్లో అడుగులు. మూల దగ్గర నుంచి. సన్నగా... ఇంకాస్త పెద్దగా... ఇంకా పెద్దగా.

జయశీల కదల్లేదు. ఆమె పాదాలు స్టూలు కమ్మీ మీద ఉన్నాయి. ఇద్దరూ మూల వైపు చూశారు. బల్బు వెలుతురులో ఖాళీ నేల. పాత రేడియో డొక్కులు. ఏమీ లేదు.

అడుగులు ఆగాయి. అతని వెనక.

"ఊపిరి బిగబట్టు" అన్నాడు గొణుగుతూ.

ఇద్దరూ బిగబట్టారు. వాన చప్పుడు. హోరు. ఆ హోరులో... ఊపిరి. లోపలికి... బయటికి... తీరుబడిగా.

అప్పుడు తెలిసింది కృపాకర్‌కి. అది పెట్టెలో లేదు. పెట్టెలో ఎప్పుడూ లేదు. గదిలో ఉంది. పెట్టె వింటోంది, అంతే. బావ చేసిన చెవి.

అతని కుడిచెవి చల్లబడింది. స్పీకర్లోంచి వచ్చింది మాట. సుందర్ రాజ్ గొంతు, అచ్చంగా.

"కృపా... ఆ సెయ్యి జేబులోంచి తియ్యరా..."

భయం వేసింది. వేయలేదని అతను తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. కాని ఆ భయం అడుగునుంచి ఇంకోటి లేచింది. చిన్నప్పుడు చేదుమందు గ్లాసు బోర్లించినప్పటిది.

"తియ్యను" అన్నాడు.

"నాను రా... మీ బావని..."

"నువ్వు మా బావవి కావు. ఇక్కడ నిలబడి మా బావ ఏటి మాటాడేవోడో అన్నీ ఇన్నావు. గొంతు నేర్సుకున్నావు. బుద్ధి నేర్సుకోనేదు. సెయ్యి తియ్యమని మా బావ సచ్చినా అనడు. సచ్చాడు గదా, అయినా అనడు!"

ఊపిరి ఒక్కసారి ఆగింది. మళ్ళీ మొదలైంది, వేగంగా.

కృపాకర్ స్విచ్చి ఆపాడు. ఎర్రదీపం ఆరిపోయింది. మామూలుగా అయితే చప్పుడు దూరంగా నడిచిపోయే మనిషిలా సన్నబడి పోవాలి. సన్నబడలేదు. వాల్వుల వెలుగు తగ్గి, తగ్గి, గాజు నల్లబడింది. ఊపిరి అలాగే ఉంది.

"ఉండు. ఎంతసేపుంటావో ఉండు" అని, ఐరను వేరే ప్లగ్గుకి పెట్టి వేడిచేశాడు. తీగకొసలకి ముందే టంకం పూసుకోవడం బావ నేర్పిన పద్ధతి. ఒంటిచేత్తో పనిచేసేవాడికి అదే దారి. నాలుగో వాల్వు నుంచి వచ్చే తీగని కట్ చేశాడు. దాన్ని వంచి మూడోదాని కొసకి ఆనించాడు. ఐరను తీసుకున్నాడు. తీగ తప్పుకుంది. మళ్ళీ వంచాడు. మళ్ళీ తప్పుకుంది. ఎవరో వేలితో నెట్టినట్టు.

"రెండో సేత్తో పట్టుకోరా..." అంది గొంతు, జాలిగా. "ఒక్క సేత్తో అవదు..."

చెమట కళ్ళల్లోకి కారింది. జేబులో ఎడంచెయ్యి పిడికిలి బిగిసింది. ఆ పిడికిలిని ఏదో తాకింది, జేబు లోపల. చల్లగా, మెత్తగా. వేళ్ళ సందుల్లోకి వేళ్ళు దూర్చుతున్నట్టు...

లాగుతోంది.

"అప్పా!" అని అరిచాడు. "బట్టల క్లిప్పు! చెక్కది! అక్కడ, దండెం మీద!"

జయశీల లేచింది. క్లిప్పు తీసింది. దగ్గరికొచ్చింది.

"ఒక్క సెయ్యే పెట్టు. రెండోది వీపు ఎనక్కి. క్లిప్పుతో ఆ తీగని పట్టు. నన్ను ముట్టుకోకు, నీ సెయ్యీ నా సెయ్యీ కలిసి రెండు సేతులయిపోతాయి. ఏటయినా ముట్టుకోకు."

కాలిన వేళ్ళతో ఆమె క్లిప్పు చాచింది. తీగ కొసని పట్టుకుంది. తీగ కదలకుండా నిలిచింది.

అప్పుడు గొంతు అతన్ని వదిలేసి ఆమె వైపు తిరిగింది. మెత్తగా, ముద్దుగా.

"జయా... తమ్ముడి భుజం మీద సెయ్యి వెయ్యి... పాపం, భయపడతన్నాడు... ఒక్కసారి ముట్టుకో..."

జయశీల మొహంలో ఏదో మారింది. ఇన్నాళ్ళూ ఆ గొంతు ఆమెను అడిగింది. తన చెయ్యి, తన అన్నం, తన ఒళ్ళు. అవన్నీ ఇవ్వడానికి ఆమె సిద్ధం. తమ్ముణ్ణి అడిగేసరికి ఆమె కళ్ళు తెరుచుకున్నాయి.

"సీ!" అంది. "నా ఎంగిలి కూడు తిని పెరిగినోడు ఈడు. ఈణ్ణి నీకిత్తానా! నా మొగుడి గొంతు తీసుకున్నావు, దాంతో నా కూడు మానిపించావు, ఇప్పుడు నా తమ్ముడు కావాలా? కానీరా కృపా, అతికెయ్!"

ఐరను ఆనించాడు. టంకం మెరిసింది, కరిగింది, ఆరింది. పొగ పైకి లేచి, ఇద్దరి మధ్యా నిలబడి, నెమ్మదిగా... ఎవరో పీల్చినట్టు పక్కకి పోయింది.

జేబులో చల్లదనం వదిలింది.

స్విచ్చి వేశాడు. వాల్వులు వెలిగాయి. ఉమ్మ్... అని చిన్న రొద. రెండో పెట్టె చప్పుడు. పెన్సిలుతో కొట్టాడు. టిక్. దగ్గాడు. పెట్టె వినలేదు.

కృపాకర్ గోడకున్న గిటారు తీశాడు. నాబులన్నీ చివరిదాకా తిప్పాడు. మీటాడు. కిటికీ రెక్కలు అదిరాయి, రేడియో డొక్కులు గలగలలాడాయి. ఖాళీ మూల వైపు తిరిగి నిలబడి, పళ్ళు బిగించి, తనకొచ్చిన పాటలన్నీ వాయించాడు. మధ్యలో ఆపి మూలతో అన్నాడు: "ఈ గది మాది. రేపు కూడా వత్తాను, ఎల్లుండీ వత్తాను. నువ్వు పిలవని సుట్టానివి. ఉంటే పడుండు." మళ్ళీ వాయించాడు. సందంతా లేచి తిట్టింది.

"ఒరే, సెవులు పోతన్నాయిరా! సేపలు కూడా తిననీవా?" అని చిలకమ్మ అరిచింది.

"తిను పిన్నీ, తిను! మా అప్ప కూడా తింటంది!"

నిజంగానే తింటోంది. ఆ గదిలోనే, పెట్టె ముందే, చద్దన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ, ఏడుస్తూ తింటోంది.

*

తర్వాత రోజులు మామూలుగానే గడిచాయి. కృపాకర్ అన్నంత పనీ చేశాడు. రోజూ బస్సు దిగి ఆ గదిలోకే వచ్చేవాడు, అక్కడే సాధన. జయశీల అక్కడే కూర్చుని బియ్యం ఏరేది, తమ్ముణ్ణి తిట్టేది, తమ్ముడితో నవ్వేది. చెంపలు కాస్త పూడాయి. మూల ఖాళీగానే ఉండేది. చప్పుడు లేదు. పెట్టెకి వినపడనంత మాత్రాన గదిలో లేదని కాదని ఇద్దరికీ తెలుసు.

క్రిస్మస్‌కి నాలుగు రోజులుందనగా, సాయంత్రం భోజనాల వేళ కరెంటు పోయింది. సందంతా చీకటి. పోర్టు దీపాలు కూడా ఆరిపోయాయి. పైగదిలో లాంతరు పెట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కృపాకర్ చేపల పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"అప్పా..."

కిందనుంచి. మెట్ల దగ్గర.

"అప్పా, ఒకసారి కిందకి రావా..."

జయశీల చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె తమ్ముణ్ణి చూసింది. అతని నోట్లో ముద్ద ఉంది. పెదాలు మూసి ఉన్నాయి.

గొంతు అతనిదే. బొంగురు, చివర్లో కాస్త నవ్వు, అంతా అతనిదే. కింద పెట్టె చల్లగా, ప్లగ్గు తీసేసి ఉంది. సందులో ఎక్కడా ఒక్క దీపం లేదు. అయినా వినపడుతోంది. హోరు లేదు, స్పీకరు లేదు. మనిషి నిలబడి పిలిచినట్టు.

కృపాకర్ ముద్ద మింగాడు. లేవబోయాడు. జయశీల అతని భుజం నొక్కి కూర్చోబెట్టింది. తనే వెళ్ళి తలుపు బార్లా తీసి, మెట్ల పైన నిలబడి, చీకట్లోకి అరిచింది.

"రా! నువ్వే పైకి రా! మనిషివయితే మెట్లెక్కి రా, సూత్తాను! నా తమ్ముడు నా ఎదురుగా కూడు తింటన్నాడు, తెలిసిందా? పైకి రా!"

కింద చప్పుడు లేదు.

చాలాసేపు నిలబడింది. మెట్టు కిర్రుమనలేదు. జయశీల తలుపు మూసి, గడియ వేసి, వచ్చి కూర్చుంది. గరిటె తీసుకుంది. "తిను" అంది. తమ్ముడి కంచంలో ఇంకో ముక్క వేసింది. అతను తిన్నాడు. ఆమె కూడా కలుపుకుంది.

అప్పుడు ఎదురింటి అరుగు మీంచి చిలకమ్మ గొంతు వినపడింది, చీకట్లో.

"ఒలే జయా! మెట్ల కింద నిలబడి, పైకి రా, పైకి రా అని గొణుగుతావేటే? పైకి రమ్మంటే ఎవులొత్తారే, నువ్వు కిందుంటే?"

జయశీల నోట్లోకి పోబోయిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కృపాకర్ ఆమె మొహం చూశాడు. ఆమె అతని మొహం చూసింది.

కిందనుంచి జయశీల గొంతు చిలకమ్మకి జవాబు చెప్పింది. మెత్తగా, నవ్వుతూ.

"ఇప్పుడే నేర్సుకోడం మొదలెట్టాను పిన్నీ... మా తమ్ముడితో సెప్పకు."